పరాయి దేశంలో తాగి బండి నడిపితే: తెలుసుకోవాల్సిన విశేషాలు

అమెరికాలో తాగి కారు నడిపాడన్న కేసును కోర్టు కొట్టేసినా, ఆ మనిషి పాస్‌పోర్టులో ఉన్న వీసా అప్పటికే రద్దయిపోయి ఉండవచ్చు. 2015 నవంబరు నుంచి అమెరికా విదేశాంగ శాఖ అమలు చేస్తున్న పద్ధతి ఇది. గత 5 ఏళ్లలో ఇలాంటి కేసులో అరెస్టయినట్టు తెలిస్తే, తీర్పు దాకా ఆగకుండానే వీసా రద్దు చేసే వీలు వాళ్లకుంది. అరెస్టు చేసిన రాత్రి పోలీసులు తీసుకున్న వేలిముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్నుంచి హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు వెళతాయి. ఆ తర్వాత ఏదో ఒక రోజు వీసా దరఖాస్తులో రాసిన ఈమెయిల్‌కి కాన్సులేట్ నుంచి సందేశం వస్తుంది. అది స్పామ్‌లో పడిపోతే చాలామందికి సంగతే తెలియదు.

పాస్‌పోర్టు తెరిచి చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది. వీసా కాగితం అతికించినచోటే ఉంటుంది. ఫొటో, హెచ్-1బీ అన్న అక్షరాలు, ఇంకా రెండేళ్ల తర్వాత ముగిసే గడువు తేదీ, ఏదీ చెరగదు. కంప్యూటర్లో మాత్రం అది చెల్లని కాగితం. అమెరికాలోనే ఉన్నంతకాలం ఉద్యోగానికి, చదువుకు సాధారణంగా వెంటనే అడ్డు రాదు, ఎందుకంటే అక్కడ ఉండే అనుమతిని వీసాతో కాకుండా వేరే లెక్కలో చూస్తారు. చెల్లి పెళ్లికనో, నాన్నకు ఒంట్లో బాగాలేదనో ఇంటికి వచ్చినప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. తిరిగి వెళ్లాలంటే మళ్లీ స్టాంపింగ్, అంటే కాన్సులేట్‌లో కొత్తగా వీసా వేయించుకోవడం.

ఈ స్టాంపింగ్ మామూలుగా జరిగేది కాదు. డీఎస్-160 దరఖాస్తులో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా' అన్న ప్రశ్న ఉంటుంది. క్షమాభిక్ష దొరికినా సరే, చెప్పి తీరాలి. 5 ఏళ్లలో ఒక అరెస్టు, లేదా 10 ఏళ్లలో రెండు ఉంటే కాన్సులేట్ అధికారి ఆ మనిషిని తాము గుర్తించిన డాక్టరు దగ్గరికి పంపుతారు. తాగుడు జబ్బుగా మారిందా, దానివల్ల ఇతరులకు ప్రమాదం ఉందా అని ఆ డాక్టరు తేలుస్తాడు. ఉందని రాస్తే వీసా రాదు. మానేసి ఏడాదైనా గడిచాక మళ్లీ పరీక్షకు వెళ్లాలి. ఈలోగా అద్దె ఇల్లు, కారు లోను, పిల్లల బడి, అన్నీ అక్కడే ఉంటాయి. మనిషి ఒక్కడూ ఇక్కడ ఉంటాడు.

కోర్టు వేసే జరిమానా ఎంతో ముందే తెలుస్తుంది. దాని తర్వాత వరసగా వచ్చే ఈ ఖర్చు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఈ విషయం మన పిల్లలకు విమానం ఎక్కకముందే తెలిసి ఉండాలన్నది నా ఆరాటం.

నేరమే కానిచోట కూడా

న్యూజెర్సీలో మొదటిసారి తాగి నడిపితే అది క్రిమినల్ నేరం కిందికి రాదు, ట్రాఫిక్ ఉల్లంఘన. విస్కాన్సిన్‌లో కూడా మొదటిసారికి జైలు లేదు, జరిమానాతో పోయే సివిల్ వ్యవహారం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మనవాళ్లు ఈ మాట విని 'అయితే పెద్ద విషయం కాదన్నమాట' అనుకుంటారు. అరెస్టు అరెస్టే. రాష్ట్రం దాన్ని ఏ పేరుతో పిలిచినా, వీసా అధికారులు తమ లెక్క ప్రకారమే చూస్తారు.

అమెరికా పౌరుడైతే కొన్ని రాష్ట్రాల్లో కొన్నాళ్లకు ఆ రికార్డును చెరిపించుకోవచ్చు. ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆ చెరుపుకు విలువ లేదు. నేరం ఒప్పుకొని ఏదైనా శిక్షో, కౌన్సెలింగో అనుభవిస్తే, తర్వాత కోర్టు ఆ కేసును మూసేసినా ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని శిక్ష పడినట్టుగానే లెక్కిస్తుంది.

పౌరసత్వానికి వెళ్లేవారికి ఇంకో గడప ఉంది. 2019 అక్టోబరులో అమెరికా అటార్నీ జనరల్ ఇచ్చిన నిర్ణయం ప్రకారం, లెక్కలోకి వచ్చే కాలంలో రెండుసార్లు ఈ నేరంలో శిక్ష పడితే ఆ మనిషికి మంచి నడవడి లేదని ముందే భావిస్తారు. కాదని రుజువు చేసుకునే భారం అతనిదే. విమానాశ్రయంలో పొడవాటి లైను తప్పించే గ్లోబల్ ఎంట్రీ కార్డు కూడా ఈ కేసుతో చేజారవచ్చు.

ఒక ఊరట కూడా చెప్పాలి. ఫ్లోరిడాలో ఉండే హైతీ దేశస్థుడు ఒకాయన తాగి నడిపి ఇద్దర్ని గాయపరిచాడు. గ్రీన్ కార్డు ఉన్నా, హింసాత్మక నేరం అంటూ దేశం నుంచి పంపేశారు. 2004 నవంబరులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది చెల్లదంది. హింసకు ఉద్దేశం ఉండాలి, తాగి నడపడంలో ఉన్నది నిర్లక్ష్యమే అన్నది ఆ తీర్పు సారం. లియోకాల్ కేసుగా పేరు పడింది. అయితే తీర్పు వచ్చేనాటికే ఆయన హైతీలో ఉన్నాడు.

కానీ 1999లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఇచ్చిన మరో నిర్ణయం గుర్తుంచుకోవాలి. అరిజోనాలో లైసెన్సు సస్పెండయిందని తెలిసీ, తాగి మళ్లీ స్టీరింగ్ పట్టిన కేసు అది. మామూలు డీయూఐ (తాగి నడిపిన కేసు) కన్నా ఇది వేరు, నైతిక పతనం కిందికి వచ్చే నేరం అని బోర్డు తేల్చింది. ఆ ముద్ర పడితే దేశం నుంచి పంపే దారి తెరుచుకుంటుంది. లైసెన్సు పోయిన మర్నాడు 'పాల ప్యాకెట్ కోసం పక్క వీధికే కదా' అని తాళాలు తీసుకునేవారు దీన్ని రెండుసార్లు చదవాలి.

మన పరిమితి అమెరికా కన్నా తక్కువ

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అంటే 0.03 శాతం. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో 0.08. ఆస్ట్రేలియాలో 0.05. ఇంగ్లండ్, వేల్స్‌లలో 0.08 ఉంటే, సరిహద్దు దాటి స్కాట్లండ్‌లో అడుగుపెట్టగానే 0.05 అవుతుంది. స్కాట్లండ్ 2014 డిసెంబరులో తగ్గించింది. మాంచెస్టర్ నుంచి ఎడిన్‌బరోకు కారులో వెళ్లేవాళ్లు ఏ బారికేడూ లేని ఈ గీతను తెలియకుండానే దాటేస్తారు.

అమెరికాలో అలాంటి గీత యూటా. 2018 డిసెంబరు 30 నుంచి అక్కడ 0.05. లాస్ వేగస్ చూసి, అక్కణ్నుంచి జయన్, బ్రైస్ కాన్యన్‌లకు కారు తీసే మనవాళ్లు లెక్కలేనంతమంది. నెవాడాలో 0.08తో బయల్దేరి, మధ్యలో అరిజోనా మూల గుండా వెళ్లి, యూటాలో 0.05 కిందికి వస్తారు. మధ్యలోని అరిజోనాదీ తేలికపాటి చట్టం కాదు. మద్యం ప్రభావం రవ్వంత కనిపించినా అక్కడ కేసు పెట్టవచ్చు, మొదటిసారికే కనీసం ఒక రోజు జైలు తప్పదు.

ఇక తెల్లారాక చేసే డ్రైవింగ్. మనిషి ఒంట్లో మద్యం గంటకు సుమారు 0.015 శాతం చొప్పున తగ్గుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసుకున్నా, మజ్జిగ తాగినా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి ఒంటిగంటకు 0.15తో పడుకున్నవాడు ఉదయం 7 గంటలకు లేచేసరికి ఇంకా 0.06 దగ్గర ఉంటాడు. నిద్రపోయాను, స్నానం చేశాను, దిగిపోయింది అనిపిస్తుంది. యూటాలోనూ, సిడ్నీలోనూ అప్పటికి అది నేరమే. హైదరాబాద్‌లో అయితే పరిమితికి రెట్టింపు.

రోడ్డు పక్కన ఆ 10 నిమిషాలు

అమెరికా పోలీసు కారు ఆపించి, అనుమానం వస్తే కిందికి దిగమంటాడు. అతను చేయించే పరీక్షలు మూడు. 1970ల నుంచి కాలిఫోర్నియాలో పరిశోధించి ఖాయం చేసిన పద్ధతి ఇది. మొదట పెన్నునో, చిన్న టార్చినో కళ్ల ముందు అటూ ఇటూ మెల్లగా కదుపుతాడు. తల కదపకుండా కళ్లతోనే దాన్ని అనుసరించాలి. కనుగుడ్డు ఒక చివరికి వెళ్లినప్పుడు అదురుతోందా అని దగ్గరగా చూస్తాడు. రెండోది నడక. ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు తగిలేలా 9 అడుగులు, తిరగడం, మళ్లీ 9 అడుగులు. మూడోది ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం.

నడకలో చూసే పొరపాట్లు 8. రెండు కనిపిస్తే చాలు, రాసుకుంటాడు. ఆ ఎనిమిదిలో 'మొదలుపెట్టమని చెప్పకముందే నడవడం' ఒకటి. అడుగుల లెక్క తప్పడం ఇంకొకటి. నియమాలన్నీ ముందు పూర్తిగా చెప్పాకే కదలమంటాడు. వచ్చిన కొత్తలో ఆ యాస అందక, అధికారి చూపిస్తుండగానే కంగారుగా అడుగు వేసేస్తే అది తాగినందుకు గుర్తుగా నమోదవుతుంది. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడంలో తప్పేమీ లేదు.

'ఊదకపోతే సాక్ష్యమే ఉండదు' అన్నది మన కుర్రాళ్ల మధ్య తిరిగే సలహా. కానీ లైసెన్సు తీసుకున్నప్పుడే, రోడ్డెక్కినప్పుడే పరీక్షకు ఒప్పుకున్నట్టు లెక్క అని అక్కడి చట్టాలు చెబుతాయి. టెక్సస్‌లో మొదటిసారి ఊది పరిమితి దాటితే లైసెన్సు 90 రోజులు సస్పెండవుతుంది. ఊదనని మొండికేస్తే 180 రోజులు. 2016లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. అరెస్టు చేశాక ఊపిరి పరీక్షకు వారెంటు అక్కర్లేదు, రక్తం తీయాలంటే కావాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కోర్టు కేసు ఒక దారిలో, లైసెన్సు సస్పెన్షన్ మరో దారిలో నడుస్తాయి. రెండోదాన్ని సవాలు చేయాలంటే కాలిఫోర్నియాలో అరెస్టయినప్పటి నుంచి 10 రోజుల్లో, టెక్సస్‌లో నోటీసు అందినప్పటి నుంచి 15 రోజుల్లో విచారణ కోరాలి. సిగ్గుతో, భయంతో రూమ్మేట్లకు కూడా చెప్పకుండా కూర్చునేసరికి ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

కారు కదలాల్సిన పని కూడా లేదు. రెస్టారెంట్ పార్కింగ్‌లో హీటర్ కోసం ఇంజను ఆన్ చేసి, డ్రైవర్ సీట్లో కునుకు తీసిన మనిషి మీద కూడా చాలా రాష్ట్రాల్లో కేసు పెట్టవచ్చు. బండి అతని అదుపులో ఉంటే చాలు.

న్యూయార్క్‌లో 16 ఏళ్లలోపు పిల్లల్ని కారులో పెట్టుకుని తాగి నడిపితే మొదటిసారే ఫెలనీ, అంటే పెద్ద నేరం. 2009లో లియాండ్రా చట్టం పేరుతో వచ్చింది. పుట్టినరోజు పార్టీ నుంచి పిల్లల్ని ఎక్కించుకుని ఇంటికి తిరిగొచ్చే తండ్రులకు ఇంతకన్నా గట్టి హెచ్చరిక ఉండదు.

లైసెన్సు కథలు

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అనేది లైసెన్సు కాదు, మన లైసెన్సుకు పలు భాషల్లో అనువాదం లాంటిది. అసలు లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. 1949 నాటి జెనీవా ఒప్పందం దీనికి ఆధారం, మన దేశం అందులో ఉంది. ఇక్కడి ఆర్టీఏ ఆఫీసులో 1,000 రూపాయల ఫీజుతో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. 2022 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ ఒకే నమూనా తెచ్చి, క్యూఆర్ కోడ్ జోడించింది. జపాన్ ఈ జెనీవా పర్మిట్‌ను ఒప్పుకుంటుంది. చైనాలో మాత్రం చెల్లదు. ఇంటర్నెట్‌లో '10 ఏళ్లు చెల్లుతుంది' అంటూ అమ్మే అంతర్జాతీయ లైసెన్సులు ఎక్కడా పనికిరావు.

'నా దగ్గర అమెరికా లైసెన్సే లేదు, ఇండియా లైసెన్సుతో నడుపుతున్నాను, ఏం సస్పెండ్ చేస్తారు?' అనే వాదన ఒకటి వినిపిస్తుంటుంది. ఇండియా ఇచ్చిన కార్డును ఆ రాష్ట్రం రద్దు చేయలేని మాట నిజమే. తన రోడ్ల మీద నడిపే హక్కును మాత్రం సస్పెండ్ చేస్తుంది, అతని పేరు మీద రికార్డు తెరిచి మరీ చేస్తుంది. తర్వాత వేరే రాష్ట్రానికి మారి లైసెన్సుకు వెళితే నేషనల్ డ్రైవర్ రిజిస్టర్‌లో ఆ పేరు ఎదురవుతుంది. పాత రాష్ట్రంలో బాకీ తీరేదాకా కొత్త రాష్ట్రం లైసెన్సు ఇవ్వదు. జర్మనీది ఇంకా సూటి పద్ధతి. విదేశీ లైసెన్సు మీదే 'ఈ దేశంలో నడపడానికి వీల్లేదు' అన్న ముద్ర వేయగలరు.

తాగని వాళ్లకు కూడా తప్పని చిక్కు ఒకటుంది. 2005 నాటి రియల్ ఐడీ చట్టం ప్రకారం తాత్కాలిక అనుమతితో ఉన్నవారికి లైసెన్సు గడువును వారి అనుమతి గడువుతో ముడిపెట్టారు. హెచ్-1బీ పొడిగింపు దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే 240 రోజుల దాకా ఉద్యోగం చేసుకోవచ్చు, లైసెన్సు మాత్రం ముందే ముగిసిపోతుంది. బస్సులు లేని ఊళ్లో ఆఫీసుకు ఎలా వెళ్లాలన్నది అతనే చూసుకోవాలి. కొన్ని రాష్ట్రాలు దరఖాస్తు రసీదు చూసి కొద్ది నెలలు పొడిగిస్తాయి. ఆ రసీదును లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసుకు ముందే పట్టుకెళ్లడం మంచిది, ముగిశాక నడిపితే అది లైసెన్సు లేకుండా నడపడమే అవుతుంది.

నయాగరా అవతలి ఒడ్డు

జలపాతం కెనడా వైపు నుంచి ఇంకా బాగా కనిపిస్తుందని అమెరికాలోని తెలుగు కుటుంబాలు వంతెన దాటుతాయి. అమెరికాలో ఒక్క డీయూఐ శిక్ష ఉన్నా ఆ వంతెన మీంచే వెనక్కి పంపవచ్చు. 2018 డిసెంబరు 18న కెనడా తాగి నడపడానికి గరిష్ఠ శిక్షను 10 ఏళ్లకు పెంచింది. గరిష్ఠంగా 10 ఏళ్లు పడగల నేరం అక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టంలో తీవ్ర నేరం కిందికి వస్తుంది. కోర్టు నిజంగా వేసింది కేవలం జరిమానా అయినా సరే. అందుకే అక్కడ పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవాళ్లకు కూడా దేశం విడిచి వెళ్లాల్సిన ముప్పు వచ్చింది. బయటివాళ్లు శిక్ష పూర్తయిన 5 ఏళ్ల తర్వాత 'రిహాబిలిటేషన్' కోరుతూ, అంటే మారిన మనిషిగా గుర్తించమంటూ దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా ఆ ప్రయాణానికి మాత్రం తాత్కాలిక అనుమతి అడగవచ్చు.

అదే రోజు నుంచి కెనడా పోలీసులు చట్టబద్ధంగా ఆపిన ఏ డ్రైవర్‌నైనా, అనుమానం లేకపోయినా ఊదమనవచ్చు. టొరంటోలో చదువుకునే పిల్లలు 'నేను సరిగ్గానే నడుపుతున్నాను కదా' అంటే కుదరదు.

గల్ఫ్‌లో డ్రైవర్ వీసా

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో ఇంటి డ్రైవర్లు, ట్రక్కు డ్రైవర్లు ఎంతోమంది. వాళ్లకు లైసెన్సే బతుకుతెరువు. ఎమిరేట్స్‌లో నివాస వీసా వచ్చాక ఇండియా లైసెన్సు పనికిరాదు, అక్కడి పరీక్ష నెగ్గి లైసెన్సు తెచ్చుకోవాలి. దానికే నెలల జీతం పోతుంది.

అక్కడ తాగి నడపడానికి అనుమతించే పరిమితి అంటూ ఏదీ లేదు. 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టంలో ఈ నేరానికి జైలు గానీ, 20,000 నుంచి 1,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. లైసెన్సు మొదటిసారి కనీసం 3 నెలలు, రెండోసారి 6 నెలలు సస్పెండవుతుంది. మూడోసారి పోయినట్టే. మూడు నెలలు బండి ఎక్కలేని డ్రైవర్‌ను ఏ యజమాని జీతమిచ్చి ఉంచుకుంటాడు? ప్రమాదంలో ఎవరైనా పోతే 2,00,000 దిర్హాముల దియ్యా, అంటే చనిపోయినవారి కుటుంబానికిచ్చే పరిహారం. తాగి ఉన్నట్టు తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన డబ్బును తిరిగి డ్రైవర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఇక్కడ బిడ్డ పెళ్లికి దాచిన డబ్బుకు, తీరని అప్పుకు అది ఎంత దెబ్బో లెక్క వేసుకోవచ్చు.

స్కూటర్, సైకిల్, పక్క సీటు

జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు రాత్రి ట్రామ్ దొరక్కపోతే ఫోన్‌లో అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్ తీస్తారు. చట్టం దృష్టిలో అది మోటారు వాహనం. కారుకున్న పరిమితులే దానికీ వర్తిస్తాయి. 0.05 దగ్గర మొదటిసారికి 500 యూరోలు, ఒక నెల డ్రైవింగ్ నిషేధం. 0.11 దాటితే నేరం. 21 ఏళ్లలోపువారికి, లైసెన్సు వచ్చి రెండేళ్లు నిండనివారికి సున్నా. సైకిల్‌కు 0.16 దాకా కొంత సడలింపు ఉంది. అది దాటితే సైకిల్ తొక్కినవాడిని కూడా ఎంపీయూ అనే వైద్య, మానసిక పరీక్షకు పంపుతారు. అందులో తప్పితే కారు లైసెన్సుకు కూడా ఎసరు వస్తుంది.

జపాన్‌లో నడిపినవాడితో పని అయిపోదు. తాగాడని తెలిసీ పక్కన కూర్చున్నవాడు, నడపబోతున్నాడని తెలిసీ మందు పోసినవాడు, కారు ఇచ్చినవాడు, ముగ్గురూ నేరస్థులే. 2024 నవంబరు 1 నుంచి సైకిల్‌కు కూడా శిక్ష పెంచారు. పరిమితి దాటి తొక్కితే 3 ఏళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల యెన్‌ల దాకా జరిమానా.

ఇంగ్లండ్‌లో 1897 సెప్టెంబరులోనే లండన్ టాక్సీ డ్రైవర్ జార్జ్ స్మిత్ తాగి తన ఎలక్ట్రిక్ క్యాబ్‌ను న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఒక భవనానికి గుద్ది పట్టుబడ్డాడు. ఇప్పుడు అక్కడ శిక్ష పడితే కనీసం 12 నెలలు స్టీరింగ్ పట్టకూడదు, లైసెన్సు ఏ దేశానిదైనా సరే. రికార్డులో డీఆర్10 అన్న కోడ్ 11 ఏళ్లు ఉంటుంది. ఇన్సూరెన్స్ కోసం వెళితే ముందు అడిగేది దాన్నే.

దౌత్యవేత్తల సంగతి

1997 జనవరిలో వాషింగ్టన్‌లో జార్జియా దేశపు దౌత్యవేత్త మఖరాద్జే తాగి, అతివేగంగా కారు నడిపి 16 ఏళ్ల అమ్మాయి మరణానికి కారకుడయ్యాడు. 1961 నాటి వియన్నా ఒప్పందం దౌత్యవేత్తలకు ఇచ్చే రక్షణ వల్ల అతన్ని అమెరికా విచారించే వీలు లేదు. కానీ జార్జియా అధ్యక్షుడు షెవర్దనాద్జే ఆ రక్షణను వదులుకున్నారు. అతనికి 7 నుంచి 21 ఏళ్ల శిక్ష పడింది. 2001 జనవరిలో ఒట్టావాలో రష్యా దౌత్యవేత్త ఒకరు తాగి నడిపి ఒక మహిళ ప్రాణం తీసినప్పుడు రష్యా రక్షణ వదులుకోలేదు. తన దేశానికి పిలిపించుకుని మాస్కోలో విచారించి, 4 ఏళ్ల శిక్ష వేసింది. రెండు కుటుంబాలదీ ఒకే దుఃఖం. న్యాయం ఎక్కడ జరగాలన్నది నిందితుడి దేశం నిర్ణయించింది.

సెలవులకు ఇంటికొచ్చినవాళ్లు

అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చి, తమ్ముడి కారు తీసుకుని బంజారాహిల్స్ వెళ్లేవారు రెండు విషయాలు చూసుకోవాలి. ఇండియా లైసెన్సు ఎప్పుడో గడువు తీరిపోయి ఉంటే, అమెరికా లైసెన్సుతో పాటు అక్కడ తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ ఉండాలి. చెల్లే లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ తర్వాత 5,000 రూపాయల జరిమానా. ఇన్సూరెన్స్ దగ్గర వచ్చే చిక్కులు అదనం.

తాగి దొరికితే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. హైదరాబాద్‌లో గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ కేంద్రానికి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. భార్యనో తండ్రినో పక్కన కూర్చోబెట్టుకుని వినాల్సిన ఆ గంట చాలామందికి జరిమానా కన్నా గట్టిగా తగులుతుందని నేను నమ్ముతాను. తర్వాత కోర్టు. అక్కడ పడిన శిక్ష కూడా డీఎస్-160 ప్రశ్నకు జవాబులో రాయాల్సిందే, ఎందుకంటే ఆ ప్రశ్న ఏ దేశంలో అని విడదీసి అడగదు.

అడిగితేనే దొరికేవి

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం, పరాయి దేశంలో అరెస్టయిన మనిషికి తన దేశపు కాన్సులేట్‌కు కబురు పెట్టమని కోరే హక్కు ఉంది. కొన్ని దేశాల వాళ్లను పట్టుకుంటే అమెరికా పోలీసులు వాళ్లు అడగకపోయినా ఆ దేశానికి చెప్పి తీరాలి. ఆ జాబితాలో ఇండియా లేదు. అంటే మనవాడు నోరు తెరిచి అడగాలి.

2010లో పడీల్యా కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో సంగతి తేల్చింది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పు ఉందా అన్నది క్రిమినల్ లాయరు తన విదేశీ క్లయింటుకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సరైన న్యాయ సహాయం అందనట్టే. చాలా ఊళ్లలో ట్రాఫిక్ కేసులు చూసే లాయర్లు వేగంగా ముగించాలని 'ఒప్పేసుకోండి, జరిమానాతో పోతుంది' అంటారు. సంతకం పెట్టేముందు ఇమ్మిగ్రేషన్ అటార్నీకి ఒక ఫోన్ చేసి, వీసా ఏ రకమో, గ్రీన్ కార్డు దరఖాస్తు ఎక్కడ ఉందో, వచ్చే ఏడాదిలో ఇండియా ప్రయాణం ఏదైనా ఉందో చెప్పి సలహా అడగాలి. భార్యాపిల్లల హెచ్-4 వీసాల సంగతి కూడా అదే ఫోన్‌లో అడగాలి.